నటనకు పట్టా: ఆదిభట్ల నారాయణదాసు స్మారకోపన్యాసం



దాసుగారి పేరిట ఉపన్యాసం కదా, హరికథ గురించి చెబుతాననుకుని వచ్చి ఉంటారు. నేను కాలేజీల గురించి మాట్లాడతాను. నటన విశ్వవిద్యాలయంలో చదువుగా ఎలా మారింది, మారుతూ ఎవరిని గుమ్మం బయట నిలబెట్టింది అన్నది నా విషయం. దానికి దాసుగారి కన్నా మంచి సాక్షి లేరు.

1919లో విజయనగరం మహారాజావారు సంగీత పాఠశాల పెట్టి ఆయన్ని ప్రిన్సిపాల్ చేశారు. సంగీతంలో ఆయనకు పట్టా లేదు. బొబ్బిలి దగ్గర అజ్జాడలో పుట్టి, కాళ్లకు గజ్జెలు కట్టి, ఒక్కరే రాముడూ రావణుడూ అయి హరికథ నడిపిన మనిషి. విద్యార్థిగా చేరదామని వచ్చిన ద్వారం వెంకటస్వామి నాయుడి ఫిడేలు విని, ఆయన్ని ఆచార్యుడిగానే వేశారని చెప్పుకుంటారు. ఇవాళ ఏ ఇంటర్వ్యూ బోర్డుకైనా అంత ధైర్యం ఉందా?

మన ఊరు రాజాం 2022లో శ్రీకాకుళం నుంచి విజయనగరం జిల్లాకు మారింది గానీ, భాగవతాల మేళాలకు ఈ హద్దులు ఎన్నడూ లేవు. తూర్పు భాగవతంలో కుర్రవాడు ముందు వంత పాడతాడు, మద్దెల దెబ్బకు అడుగు వెయ్యడం నేర్చుకుంటాడు, ఎప్పటికో సత్యభామ జడ వేసుకుంటాడు. పరీక్ష పెట్టేది ఊరు. బాగోలేకపోతే జనం లేచిపోతారు.

ఆ తరవాత పట్నం నాటకం వచ్చింది. విజయనగరంలో జగన్నాథ విలాసినీ సభ 1892లో ‘కన్యాశుల్కం’ ఆడింది. మన వైపు లుకలాంలో పుట్టిన జె.వి. సోమయాజులు, రమణమూర్తి అన్నదమ్ములు ఆ నాటకంతోనే పేరు తెచ్చుకున్నారు. అన్నగారు రెవెన్యూ ఉద్యోగి. నటన ఆయనకు ఆఫీసు వదిలాక చేసే పని.

పౌరాణిక నాటకాల్లో అసలు పంతులు హార్మోనిస్టే. పద్యానికి ‘వన్స్‌ మోర్’ పడితే చాలు, పాత్ర ఏమైపోయినా అడిగేవాడు లేడు. దీన్ని మార్చినవారిలో వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయం రిజిస్ట్రారు కె.వి. గోపాలస్వామి ఒకరు. ప్రయోగాత్మక నాటకశాల పెట్టారు, కాలేజీల మధ్య నాటిక పోటీలు జరిపించారు. దర్శకుడు అనేవాడు ఉంటాడనీ, రిహార్సల్ అంటే పద్యాలు బట్టీ పట్టడం కాదనీ మన కుర్రాళ్లకు అక్కడే తెలిసింది.

నాటకానికి డిగ్రీ అన్నది అమెరికాలో 1914లోనే పిట్స్‌బర్గ్ కార్నెగీ సంస్థలో మొదలైంది. 1959లో పుట్టిన ఢిల్లీ జాతీయ నాటక పాఠశాల ఇచ్చింది డిప్లొమానే. చిరంజీవి, రాజేంద్రప్రసాద్ మద్రాసులో నేర్చుకున్నది కూడా సినిమా శిక్షణే, యూనివర్సిటీ డిగ్రీ కాదు. డిగ్రీ కోసం మనకు ఆంధ్ర విశ్వవిద్యాలయంలో రంగస్థల శాఖ వచ్చింది. హైదరాబాదులో తెలుగు విశ్వవిద్యాలయం, కేంద్రీయ విశ్వవిద్యాలయంలోని సరోజినీ నాయుడు స్కూలు వచ్చాయి.

ఈ చదువు వృథా అనేవాళ్లతో నేను ఏకీభవించను. గొంతు, వెలుగు, ఆహార్యం, భరతుడి నాట్యశాస్త్రం, స్టానిస్లావ్‌స్కీ నటన పద్ధతి అన్నీ ఒక్కచోట దొరుకుతాయి. అంతకన్నా ముఖ్యం, చెడగొట్టి మళ్లీ చెయ్యడానికి రెండేళ్లు దొరుకుతాయి. ఊళ్లో ఆ వెసులుబాటు ఎవరిస్తారు?

నా తగాదా పాఠం చెప్పేవాళ్ల ఎంపికతో. లెక్చరర్ కావాలంటే మామూలుగా పీజీ ఉండాలి, నెట్ గాని, సెట్ గాని, పీహెచ్‌డీ గాని ఉండాలి. నలభై ఏళ్లు భామవేషం కట్టినవాడి మీద పీహెచ్‌డీ చెయ్యొచ్చు, డిగ్రీ లేకపోతే అతణ్ణి మాత్రం పంతులుగా వెయ్యకూడదు. ఇదేం న్యాయం?

ఒక తలుపు తెరుచుకుంది. 2022లో యూజీసీ ‘ప్రొఫెసర్ ఆఫ్ ప్రాక్టీస్’ అని పెట్టింది. డిగ్రీ అక్కర్లేదు, తన రంగంలో పదిహేనేళ్ల అనుభవం కావాలి. మంజూరైన పోస్టుల లెక్కలో పదో వంతు దాకా, వాటికి అదనంగా, ఇలా తీసుకోవచ్చు. గరిష్ఠంగా నాలుగేళ్లు. పేరు ఇంకొకరు సూచించవచ్చు, తానే పంపుకోవచ్చు కూడా. బయోడేటా, ఏం నేర్పగలరో ఒక చిన్న రాత, వైస్ ఛాన్సలర్‌కు పంపాలి.

మన గురువుల్లో చాలామంది అలాంటి కాగితం ఎన్నడూ రాసి ఉండరు. ఈ హాల్లో కాలేజీ పంతుళ్లు చాలామంది కనిపిస్తున్నారు. తలా ఒక గురువు దగ్గర కూర్చుని ఆ కాగితం రాసిపెట్టండి. వాల్తేరుకు పట్టుకెళ్లే పూచీ నాది.