డీజిలు యంత్రమునకు మన్నికగల వడపోత

మన దేశమున మాంగనీసు త్రవ్వకము 1892లో విజయనగర ప్రాంతముననే ఆరంభమైనది. ఆ సంవత్సరముననే జర్మనీలో రుడాల్ఫ్ డీజిల్ తన ఇంజనునకు పేటెంటు కోరెను. నేడు చీపురుపల్లి, గరివిడి పరిసరములలో ఈ రెండును నిత్యము కలిసికొనుచున్నవి. ఖనిజపు దుమ్ము ఒకవైపు, డీజిలు యంత్రము మరొకవైపు. ఈ రెంటి నడుమ నిలిచి కాపాడునది చేతెడు వడపోత. దానినే మనము ఫిల్టరనుచున్నాము.

ఆ మధ్య మేము చీపురుపల్లి చేరువ నొక పల్లెకు పోయినపుడు, వరిమడికి నీరు తోడుచున్న ఇంజను నడుమనే ఆగిపోయినది. మెకానిక్కు ఫిల్టరు విప్పెను. లోపలి కాగితము అతుకు విడిపోయి యున్నది. గిన్నె అడుగున నీరు నిలిచి యున్నది. రైతు ఆశ్చర్యపడి, "రెండేళ్లలో ఒక్కసారైనా మూసుకోలేదు బాబూ, గట్టి సరుకే కదా!" అనెను. మెకానిక్కు నవ్వి, "మూసుకోలేదంటే వడకట్టలేదన్నమాటే మావయ్యా" అనెను. పంపును, నాజిలును పట్టణమునకు కొనిపోయి బాగుచేయించుకొని వచ్చుసరికి మూడు దినములు పట్టినది. అప్పటికి మడి నెఱ్ఱెలు విచ్చినది.

ఆ మెకానిక్కు మాటలో శాస్త్రమంతయు కలదు. ఇంధన పంపులోని గొట్టమునకును, దానిలో ఆడు కడ్డీకిని నడుమ ఎడము కొద్ది మైక్రానులు మాత్రమే. మైక్రాననగా మిల్లీమీటరులో వేయవవంతు; మన తలవెండ్రుక మందము సుమారు 70 మైక్రానులు. కంటికి కానరాని రేణువే ఆ లోహమును గీయును. కొత్త ట్రాక్టర్ల, లారీల ఇంజనులు అనేకములలో ఇంధనము గాలి ఒత్తిడికి వేయి రెట్లకు మించిన ఒత్తిడితో చిమ్మబడుచున్నందున హాని మరింత శీఘ్రము. 2020 ఏప్రిలు 1 నుండి మనకు లభించు డీజిలులో గంధకము పదిలక్షల పాళ్లలో 10 పాళ్లకు మించరాదని నియమము. కాని గంధకము తగ్గినంత మాత్రమున మన పీపాలోని దుమ్ము, నీరు తగ్గవు గదా!

కనుక కొనునపుడు వెల యొక్కటే చూడరాదు. "10 మైక్రానులు" అని పెట్టెపై ఉన్నంతమాత్రమున చాలదు. ఆ పరిమాణపు రేణువులలో ఎన్నింటిని పట్టునో అడుగవలెను. బీటా 75 అనిన, 75 రేణువులలో ఒక్కటి మాత్రమే దాటిపోవునని అర్థము. బీటా 2 అనిన సగము దాటిపోవును. పిదప మడతలు సమముగా నున్నవా, నడిమి గొట్టము గట్టిదా, అతుకులు, రబ్బరు చుట్టు సరిగా నున్నవా చూడుడు. తడిసిన కాగితము ఉబ్బి బలము కోల్పోవును. గాజునార కలిపినది తేమకు ఎక్కువ ఓర్చును. నీటిని వేరుచేసి, అడుగు బిరడాతో వదలు గిన్నె గలది సముద్రతీర జిల్లాలకు మరింత మేలు. వీలైనచోట ముందు ముతక వడపోత, వెనుక సన్ననిది ఉంచిన రెండును మన్నును. అయితే పాత ఇంజనునకు మితిమీరి సన్ననిది తగిలించిన ఇంధనము చాలక యంత్రము నీరసించును. ఇంజను పుస్తకములోని సంఖ్యయే ప్రమాణము.

ఎంత మేలైన వడపోతయైనను మన అశ్రద్ధకు మందు కాదు. పీపాను కదల్పక రాత్రి అంతయు తేర్చి, అడుగు వదలి పైనుండి డీజిలు తీసికొనవలెను. సాయంకాలము టాంకీ నింపి ఉంచిన లోపల తేమ చేరుట తగ్గును. ఉదయము ఇంజను త్రిప్పుటకు ముందే గిన్నెలోని నీరు వదలవలెను. కాగితపు వడపోతను కడిగి మరల వాడరాదు. కొత్తది బిగించినపుడు వడకట్టని డీజిలును దానిలో పోయక, చేతిపంపుతో నింపి గాలి తీసివేయవలెను.

మన్నికయనగా ఏండ్ల తరబడి మార్చకుండుట కాదు. తన గడువు తీరువరకు మురికిని పట్టి, తాను మూసికొనిపోయినను పంపును కాపాడునదే మన్నికగల వడపోత. దాని వెల చిన్నది. అది కాపాడునది పంట.