చక్కెరను మించిన కిక్కు ఉండదు
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



బడి పండుగలో మద్యం గురించి మాట్లాడతానంటే కార్యదర్శి గారు కొంచెం కంగారు పడ్డారు. నేను చెప్పబోయేది తాగడం గురించి కాదు, పులియడం గురించి అన్నాక ఒప్పుకున్నారు. ఇది మన సైన్సు పాఠమే. ఈస్ట్ చక్కెరను తింటే ఆల్కహాలు, కార్బన్ డయాక్సైడ్ పుడతాయి. 100 గ్రాముల గ్లూకోజు పూర్తిగా పులిసినా వచ్చేది 51 గ్రాముల ఆల్కహాలు, మిగతా 49 గ్రాములు గాలిలో కలిసే వాయువు. ఈ లెక్కను దాటడం ఎవరి తరమూ కాదు.

అమెరికాలో పనిచేసిన రోజుల్లో ఈ లెక్కను స్వయంగా చేసి చూశాను. సొంత వాడకానికి ఇంట్లో బీరు కాచుకోవడానికి అక్కడ 1978 నాటి చట్టం వీలు కల్పించింది. మన దగ్గర లైసెన్సు లేకుండా కాస్తే నేరం. కాబట్టి ఇంటికెళ్ళి ఎవరూ డబ్బాలు, గొట్టాలు బయటికి తీయకండి! నేను కాచింది బెల్జియం తరహా 'ట్రిపెల్'. అక్కడి వెస్ట్‌మాల్ మఠంలో తయారయ్యే ట్రిపెల్‌లో 9.5 శాతం ఆల్కహాలు ఉంటుంది. మనవాళ్ళు స్ట్రాంగ్ అనుకునే బీరు సాధారణంగా 8 శాతం లోపే.

మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ ఐదున్నర కిలోలు తీసుకుని, నలగ్గొట్టి, 66 డిగ్రీల వేడినీళ్ళలో గంటసేపు ఉంచాను. అందులోని పిండిపదార్థం చక్కెరగా మారింది. వడకట్టి, హాప్స్ పూలు వేసి, గంటన్నర మరిగించి, కిలో చక్కెర కలిపితే 20 లీటర్ల తీపి నీళ్ళు తేలాయి. చల్లార్చి ఈస్ట్ వేసేముందు హైడ్రోమీటర్ ముంచాను. పాలలో నీళ్ళను పట్టించే లాక్టోమీటర్‌కు అది అక్కలాంటిది. 1.080 చూపింది. రెండు వారాలకు 1.010కి దిగింది. ఆ తేడాను 131తో గుణిస్తే 9.2 శాతం. సీసాల్లో ఇంకో రెండు నెలలు ఆగాక అరటిపండు, లవంగం వాసనలు వచ్చాయి. అవి కలిపినవి కావు, ఆ జాతి ఈస్ట్ ఇచ్చినవి.

ఇప్పుడు మన ఊరి కల్లు దగ్గరికి వద్దాం. తాటినీరాలో చక్కెర సుమారు 12 శాతం. మోకు, ముత్తాదు కట్టుకుని పైకెక్కిన గౌడన్న లొట్టిని దించేలోపే గాలిలోని ఈస్ట్ పని మొదలుపెడుతుంది. దానితోపాటు బ్యాక్టీరియా కూడా చేరి కొంత చక్కెరను పులుపుగా మారుస్తుంది. బీరును మరిగిస్తాం కనుక అక్కడ ఆ పోటీ లేదు. ఇక్కడ ఉంది. అందుకే సాయంత్రానికి కల్లు నాలుగైదు శాతం దగ్గర ఆగుతుంది, మర్నాటికి పుల్లబడుతుంది. అసలు పులియకుండా నీరాగానే కావాలంటే లొట్టి లోపల సున్నం పూస్తారు. ల్యాబ్‌లో కార్బన్ డయాక్సైడ్‌ను పట్టుకోవడానికి మన సార్లు వాడిన సున్నపుతేట కూడా ఆ సున్నంతో చేసిందే.

ఇంత లెక్క ఎందుకు చెప్పానంటే, నాలుగైదు శాతం ఉండే కల్లు ఒక్క సీసాతో మనిషిని పడేసిందంటే ఆ మత్తు చెట్టుది కాదు. మూసీ అవతలా ఇవతలా తాళ్ళు, ఈతచెట్లు పోయి అపార్ట్‌మెంట్లు వచ్చాయి. ఒక తాడు రోజుకు ఇచ్చేది కొన్ని లీటర్లే. చెట్లు తగ్గి, అమ్మకం తగ్గకపోతే ఆ తేడాను ఏదో ఒకటి పూడ్చాలి. నీళ్ళు, శాకరిన్, క్లోరల్ హైడ్రేట్, డైజిపామ్, ఆల్ప్రజోలామ్ పూడుస్తున్నాయి. 2025 జూలైలో కూకట్‌పల్లిలో కల్తీ కల్లు తాగి పలువురు చనిపోయారు. అలవాటైన వాళ్ళు ఒక్కసారిగా మానేసినా ప్రమాదమే. వణుకు, భ్రమలు, ఫిట్స్ వస్తాయి. మీకు తెలిసినవాళ్ళు అలా ఉంటే తిట్టి ఇంట్లో కూర్చోబెట్టకండి, డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి. నిజాయితీగా చెట్టెక్కే గీత కార్మికుణ్ణి ఈ కల్తీతో కలిపి చూడకండి. దీనివల్ల అన్నం పోయేది అతనికే.

రెండు నెలలు ఆగితే వచ్చే ఘాటు వేరు, రెండు నిమిషాల్లో పొడి కలిపితే వచ్చే మత్తు వేరు. ఈ తేడా పిల్లలకు ఉపన్యాసంతో ఎక్కదు, కొలిచి చూస్తే ఎక్కుతుంది. అందుకే సంఘానికి ఒక విన్నపం. స్వర్ణోత్సవ నిధిలోంచి బడి ల్యాబ్‌కు పది హైడ్రోమీటర్లు కొనిద్దాం. బెల్లం నీళ్ళు, కాస్త ఈస్ట్, సీసా మూతికి ఒక బెలూన్, పక్కన సున్నపుతేట ఉంటే చాలు. ఎవరూ తాగక్కర్లేదు, రోజూ అంకె రాసుకుంటే సరిపోతుంది. మొదటి రెండు నా వంతు. మిగతా ఎనిమిదికి ఈ హాల్లోనే చేతులు లేస్తాయని నా నమ్మకం.

సెలవు.