తొట్టి దాటిన కొర్రమట్ట

(మండల రైతు సదస్సులో చేపల పెంపకంపై జరిగిన చర్చలో చేసిన ప్రసంగ పాఠం)



బోరు పక్కన తొట్టి కట్టుకొనో, పొలంలో చిన్న కుంట తవ్వుకొనో కొర్రమట్ట పెంచుతున్నవాళ్లు మనలో కొందరున్నారు. పెంచుదామా అని ఆలోచిస్తున్నవాళ్లు ఇంకొందరున్నారు. మేత గురించి, ధర గురించి ఇంతకుముందు మాట్లాడినవాళ్లు చెప్పారు. నేను ఒక్క విషయమే చెబుతాను. తొట్టిలో వేసిన చేప తొట్టిలోనే ఉండాలంటే ఏం చేయాలి? నవ్వకండి. ఈ పాఠానికి నేను ఒక పంట ఖరీదు కట్టాను.

మొదటిసారి ఇటుకలతో తొట్టి కట్టి, పిల్లలు తెచ్చి వేసి, పది నెలలు మేపాను. మృగశిర కార్తెకు అమ్మాలని లెక్క. ఆ రోజు చేపకు ఉండే గిరాకీ మీకు తెలిసిందే. కార్తెకు మూడు రోజుల ముందు రాత్రి పెద్ద వాన పడింది. తెల్లారి మా ఇంటావిడ తొట్టి దగ్గరికి పోయి కేకేసింది. నీళ్లు అంచుదాకా ఉన్నాయి, చేపలు సగమే ఉన్నాయి. కొన్ని గట్టు కింద గడ్డిలో దొరికాయి. కొన్ని కుక్కల పాలయ్యాయి. మిగతావి వాగు దారి పట్టాయి. ముందు నాకు ఆ సంగతి తోచలేదు. దొంగలు పడ్డారనుకొని పక్క పొలం తమ్ముణ్ణి నోటికొచ్చినట్టు అన్నాను. పోయిన చేపలకంటే ఆ మాటే నన్ను ఎక్కువ బాధపెడుతుంది.

కొర్రమట్ట ఎందుకు పోతుంది? దాని పుట్టుకే అలాంటిది. మొప్పలతో పాటు తలలో గాలి పీల్చుకునే ఏర్పాటు దానికుంది. అందుకే ఒళ్లు తడిగా ఉన్నంతసేపు గట్టు మీద కూడా బతుకుతుంది, పాకుతుంది. తొలకరి వానకు కొత్తనీరు తగిలితే గుడ్లు పెట్టే చోటు వెతుక్కుంటూ నీటికి ఎదురు పోతుంది. అంటే మనం అమ్ముదామనుకునే రోజులూ, అది పోదామనుకునే రోజులూ ఒకటే. కాబట్టి రోహిణి కార్తెలోనే మన కట్టుదిట్టాలు పూర్తి కావాలి.

మొదటిది, నీటి మట్టం. తొట్టి నిండా నీళ్లు పెట్టొద్దు. అంచుకు కనీసం అడుగున్నర కింద ఉంచండి. వాన నీరు దానంతటదే పోయేలా ఆ మట్టంలో పైపు పెట్టి, పైపు మూతికి జాలీ బిగించండి. ఒక జాలీకి ఆకులు అడ్డుపడితే నీళ్లు పైకి లేస్తాయి. అందుకని రెండో పైపు కూడా ఉండాలి. నా తొట్టికి ఒక్క పైపే ఉండేది.

రెండోది, వల. తొట్టి పైన వల బిగుతుగా లాగి కట్టాలి. సడలి నీళ్లకు ఆనకూడదు. కొర్రమట్ట పైకొచ్చి గాలి పీల్చుకోవాలి. పైకి రానీయకపోతే నీళ్లలోనే ఊపిరాడక చస్తుంది. వల కన్ను చేప తలకంటే చిన్నదిగా ఉండాలి, లేకపోతే తల ఇరుక్కుంటుంది. కుంట అయితే చుట్టూ మూడడుగుల ఎత్తు వల కట్టి, పై అంచు లోపలికి వంచండి. కింది అంచును అర అడుగు మట్టిలో పూడ్చండి. చేప ఎగిరేదే కాదు, వల కిందినుంచి దూరేది కూడా.

మూడోది, నీళ్లు పోసే పైపు. పైనుంచి ధారగా పడితే చేపలన్నీ ఆ మూలకే చేరి ఎగురుతాయి. పైపు కొస నీళ్లలో మునిగేలా పెట్టండి. మూలల్లో, పైపుల దగ్గర వల గట్టిగా ఉందో లేదో రోజూ సాయంత్రం ఒకసారి చేత్తో తడిమి చూడండి.

నాలుగోది ముఖ్యం. వల చేపను ఆపుతుంది గానీ దాని బాధను ఆపదు. వాన లేకుండానే చేపలు ఎగురుతున్నాయంటే తొట్టిలో ఏదో తేడా ఉన్నట్టు. నీళ్లు చెడి ఉండొచ్చు. చేపలు కిక్కిరిసి ఉండొచ్చు. పెద్దవి చిన్నవాటిని తరుముతుండొచ్చు. కొర్రమట్ట తన జాతి పిల్లల్నే మింగుతుంది. అందుకే పిల్లల దశలో తరచుగా సైజుల వారీగా వేరు చేయాలి. కొత్తగా వేసిన మొదటి రాత్రులు బెదురు ఎక్కువ. ఉన్నట్టుండి లైటు వేయకండి, తొట్టి గోడ మీద చప్పుడు చేయకండి. ఒక పక్క కొంచెం నీడ ఉంచండి.

బొచ్చె, రవ్వ పెంచేవాళ్లకు ఒక మాట. కొర్రమట్ట నోరు తెరుస్తూ పైకొస్తే అది దాని అలవాటు. మీ చేపలు తెల్లవారుజామున గుంపుగా పైకొచ్చి నోళ్లు తెరిస్తే నీళ్లలో ప్రాణవాయువు తగ్గినట్టు. అప్పుడు చూడాల్సింది వల కాదు. వెంటనే మేత ఆపి, ఏరియేటరు వేయండి, కొత్తనీరు పెట్టండి.

చివరగా డబ్బు సంగతి. చేపల రైతులకూ కిసాన్ క్రెడిట్ కార్డు ఉంది. 2020లో వచ్చిన మత్స్య సంపద యోజన కింద మామూలు రైతుకు 40 శాతం, ఎస్సీ, ఎస్టీ, మహిళలకు 60 శాతం సబ్సిడీ పెట్టారు. అంచనాలు రాయించేటప్పుడు వల, కంచె, జాలీల ఖర్చు విడిగా రాయమని పట్టుబట్టండి. బీమా చేస్తే, చచ్చిన చేపకేనా, వానకు కొట్టుకుపోయిన చేపకు కూడా పరిహారం ఉందా అని సంతకానికి ముందే అడగండి. ఒక్కరు అడిగితే పక్కన పెడతారు. సంఘంగా అడిగితే జవాబు చెప్పక తప్పదు.

మరుసటి ఏడు వల కట్టేటప్పుడు రెండో కొస పట్టుకోవడానికి మనిషి కావాల్సి వచ్చింది. పక్క పొలం తమ్ముడి ఇంటికే పోయి తప్పయిందన్నాను. అతను ఏమీ అనలేదు, వచ్చి కొస పట్టుకున్నాడు. ఆ ఏడు మృగశిరకు మొదటి చేప వాళ్లింటికే పంపాను.

సెలవు.