పెట్టె ఒకరి దగ్గర, తాళం చెవి ఇంకొకరి దగ్గర

(మండల మహిళా సమాఖ్య వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగం)



మన పంచసూత్రాల్లో ఒకటి పుస్తక నిర్వహణ. ఇప్పుడు ఆ పుస్తకాల్లో చాలా లెక్కలు సమాఖ్య ఆఫీసు కంప్యూటర్‌లోకి చేరాయి. ఎవరి పొదుపు ఎంత, ఎవరు ఎంత అప్పు తీసుకున్నారు, ఎన్ని కిస్తీలు కట్టారు, అన్నీ అందులోనే. మన ఆధార్ కాపీలు, బ్యాంకు ఖాతా నంబర్లూ అందులోనే. అందుకని ఈ ఏడాది ఆ కంప్యూటర్ భద్రత కోసం మేము చేసిన ఒక పని మీకు చెప్తాం.

సంఘాలు పెట్టిన కొత్తలో మన పద్ధతి గుర్తుందా? డబ్బు పెట్టె ఒకరింట్లో, తాళం చెవి ఇంకొకరింట్లో. బ్యాంకులో డబ్బు తీయాలంటే ఒక్కరి సంతకం చాలదు. అది ఎవరినో దొంగ అనుకుని పెట్టింది కాదు. అందరి సొమ్ముకు అందరం జవాబుదారీ అని పెట్టుకున్నాం. కంప్యూటర్‌లో కూడా ఇలాంటి ఏర్పాటు ఉంది.

విండోస్ కంప్యూటర్‌లో అకౌంట్లు రెండు రకాలు. ఒకటి అడ్మినిస్ట్రేటర్. కొత్త ప్రోగ్రాములు ఎక్కించడం, ఉన్నవి తీసేయడం, వేరేవాళ్ల పాస్‌వర్డ్ మార్చడం, అన్నిటికీ దానికి అధికారం ఉంటుంది. రెండోది స్టాండర్డ్ అకౌంట్. లెక్కలు ఎక్కించడం, ప్రింటు తీయడం, నెట్ చూడడం, రోజువారీ పనులన్నీ అందులో చేసుకోవచ్చు. కొత్త కంప్యూటర్‌లో మొదట తయారయ్యే అకౌంట్ అడ్మినిస్ట్రేటరే. అందరూ దాంట్లోనే పని చేస్తే, పెట్టె, తాళం చెవి ఒకే చోట పెట్టినట్టే. మెయిల్‌లో వచ్చిన ఏదో ఫైలు తెరిచి, అడిగినప్పుడు ‘యస్’ అని నొక్కితే చాలు, వైరస్‌కి ఆ అధికారమంతా దక్కుతుంది. అదే స్టాండర్డ్ అకౌంట్ అయితే, కంప్యూటర్ మొత్తాన్ని మార్చే పని ఏదైనా మొదలైనప్పుడు అడ్మినిస్ట్రేటర్ పాస్‌వర్డ్ అడుగుతుంది. అది తెలియకపోతే పని ముందుకు పోదు.

మేము సెట్టింగ్స్‌లో అకౌంట్స్ తెరిచి, పని చేసే ఒక్కొక్కరికి ఒక్కో స్టాండర్డ్ అకౌంట్ పెట్టించాం. అడ్మినిస్ట్రేటర్ పాస్‌వర్డ్ కాగితం మీద రాసి, కవరులో అంటించి, అధ్యక్షురాలు, కార్యదర్శి సంతకాలు చేసి బీరువాలో పెట్టాం. బీరువా తాళం కోశాధికారి దగ్గర. కవరు తీసిన ప్రతిసారీ ఎందుకు తీశామో మినిట్స్ పుస్తకంలో రాస్తాం.

మొదట్లో అకౌంటెంట్ చెల్లి నొచ్చుకుంది. “ఇన్నేళ్లు చేశాను, నా మీద నమ్మకం లేదా అక్కా?” అంది. మేము చెప్పిందొక్కటే. “చెక్కు మీద అధ్యక్షురాలి సంతకం ఒక్కటే చాలదంటే ఆమెను అనుమానించినట్టా? లెక్కలో తేడా వస్తే ముందు నింద పడేది నీ మీదే. నీ అకౌంట్ నీకుంటే ఇంకొకరు చేసింది నీ నెత్తిన పడదు.” ఇప్పుడు ఆ చెల్లే కుర్చీలోంచి లేచే ముందు విండోస్ మీట, ఎల్ మీట కలిపి నొక్కి తెరకు తాళం వేస్తోంది. మిగతావాళ్లకీ గుర్తు చేస్తోంది.

అయితే ఇది పెట్టుకుంటే ఇక భయమే లేదని కాదు. మన అకౌంట్‌లో దూరిన వైరస్ మనం మార్చగలిగే ఫైళ్లన్నిటినీ పాడు చేయగలదు. 2017 మే నెలలో వాన్నాక్రై అనే వైరస్ ఎన్నో దేశాల్లో ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగింది. మన ఆంధ్రప్రదేశ్‌లో కొన్ని పోలీసు కంప్యూటర్లకూ అది తగిలింది. అది దూరే సందు మూసే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ ఆ మార్చిలోనే ఇచ్చింది. కాబట్టి అప్‌డేట్ అడిగితే వాయిదా వేయొద్దు. వారానికొకసారి లెక్కలన్నీ విడి హార్డ్ డిస్క్‌లోకి కాపీ చేసి, దాన్ని కంప్యూటర్ నుంచి ఊడదీసి బీరువాలో పెట్టాలి. ఫోన్ చేసి పాస్‌వర్డ్, ఓటీపీ అడిగినవాళ్లకు ఎవరికీ చెప్పొద్దు. మోసం జరిగి డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయాలి.

వచ్చే సమావేశంలో మీ గ్రామ సంఘంలో ఒక ప్రశ్న అడగండి. మన కంప్యూటర్‌లో అడ్మినిస్ట్రేటర్ పాస్‌వర్డ్ ఎవరి దగ్గర ఉంది? జవాబు విని తీర్మానం రాయించండి. నాకు కంప్యూటర్ రాదు కదా అని వెనక్కి తగ్గొద్దు. వేలిముద్ర వేసే సభ్యురాలికి కూడా తన పాస్ పుస్తకం చూపించమనే హక్కు ఉంది. ఈ ప్రశ్న అడిగే హక్కూ అలాంటిదే.