కొత్త నాటకం: ముందు చదివి వినిపించండి

ఈరోజు శ్రీశైలం నుంచి మాట్లాడుతున్నాను. శివరాత్రికి ఈ కొండమీద ఆడే నాటకాలను పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రలో వర్ణించాడు. అంత పాత సంబంధం ఈ చోటికీ, నాటకానికీ.

సరే, శ్రీశైలం డ్యాం నీళ్లలో మునిగిన ఊళ్ల మీద మీరు కొత్త నాటకం రాశారనుకోండి. వెంటనే రిహార్సల్స్ మొదలుపెట్టకండి. ముందు నటులను కూర్చోబెట్టి చదివించండి. వేషాలు వద్దు, లైట్లు వద్దు, గొంతు చాలు. చదివేవాళ్లు ఎక్కడ తడబడ్డారు, వినేవాళ్లు ఎక్కడ దిక్కులు చూశారు, అంతా రాసుకోండి.

రెండోసారి ఆ ఊళ్లు పోగొట్టుకున్నవాళ్ల ముందే చదవండి. 1980ల మొదట్లో ఇల్లు వదిలొచ్చిన అవ్వ "మేము ఇట్ల మాట్లాడం నాయనా" అందంటే, ఆ డైలాగు మార్చాల్సిందే. ఆ తరం ముసలిదైపోయింది. ఇప్పుడు అడక్కపోతే ఇంకెప్పుడు అడుగుతాం?

ఆ తర్వాతే వర్క్‌షాప్. ఒక సీను తీసుకుని, కాగితం పక్కన పెట్టి, నటులను సొంత మాటల్లో ఆడమనండి. అందులో పుట్టిన మంచి మాటను రచయిత ఏరుకోవాలి.

తిరగరాయడం నామోషీ కాదండీ. కన్యాశుల్కం 1892లో ఆడారు, 1897లో అచ్చయింది. అయినా గురజాడ మళ్లీ రాశారు. ఇవాళ మనం చదివేది 1909 నాటి రెండో కూర్పే.