వడ్డించిన విస్తరి

జంతుశాస్త్రం పాఠాలు చెప్పి రిటైరైనదాన్ని. మీకు ఎలుకల సంగతే చెబుతాను.

అమెరికాలో అరిజోనా రాష్ట్రం, పోర్టల్ అనే చిన్న ఊరు. ఆ దగ్గర్లోని ఎడారిలో 1977లో జేమ్స్ బ్రౌన్ అనే శాస్త్రవేత్త, సహచరులతో కలిసి 24 మళ్లకు కంచె కట్టించారు. ఒక్కో మడి పావు హెక్టారు. కొన్ని కంచెలకు చిన్న కంతలే పెట్టారు: చిట్టెలుకలు దూరతాయి, కంగారూ ఎలుకలు పట్టవు.

ఎలుకంటే దొరికిందల్లా కొరికేదనుకుంటాం. అక్కడ ఒక్కోదానికీ ఒక్కో తిండి. కంగారూ ఎలుక గింజలేరి బుగ్గసంచుల్లో నింపుకుపోతుంది. నీళ్లు తాగకుండానే బతుకుతుంది. గ్రాము పిండిపదార్థం ఒంట్లో ఖర్చయితే అర గ్రాముకు పైగా నీరు పుడుతుంది మరి. మిడతల ఎలుక తేళ్లను సైతం పట్టి తింటుంది. వుడ్‌రాట్ నాగజెముడు మట్టలు నములుతుంది.

పన్నెండేళ్లు గడిచాయి. కంగారూ ఎలుకలు లేని మళ్లలో పొదల నడుమ గడ్డి కమ్ముకుంది, పొడుగు గడ్డి సుమారు మూడింతలైంది. పెద్ద గింజలను ఏరి తిని, నేలను తవ్విపోసే జీవి లేకపోవడమే కారణం. అక్కడ గడ్డి పెరగకపోవడానికి వానల కొరత ఒక్కటే కారణం కాదని అలా తేలింది. అరచేతిలో ఇమిడే ప్రాణి చేస్తున్న పని అది!

నన్ను ఇంకా కదిలించేది తర్వాత జరిగింది. కంగారూ ఎలుకల వంతు గింజల్లో చాలా భాగం ఏళ్ల తరబడి వడ్డించిన విస్తరిలా అలాగే ఉండిపోయింది. చిట్టెలుకలు తిన్నది కొంతే. 1990ల నడుమ బెయిలీ పాకెట్ మౌస్ అనే కొత్త జాతి ఆ చోటికి వలస వచ్చి ఆ విస్తరి ముందు కూర్చుంది.

ఈ రాకను ఎలా పట్టుకోగలిగారు? నెలనెలా, అమావాస్య దరిదాపుల్లో బోనులు పెట్టి, తెల్లారాక దొరికిన ప్రతి ఎలుకనూ తూచి, రాసుకుని, వదిలేస్తూ వచ్చారు. దాదాపు ఇరవై ఏళ్లు. ఆ వలస సంగతిని 2001లో బ్రౌన్ గారితో కలిసి లోకానికి చెప్పిన మోర్గన్ ఎర్నెస్ట్ ఆయన శిష్యురాలే. తర్వాత ఆ మళ్లు ఆమె చేతికే వచ్చాయి.