ప్రవాహ వేగం - దాని కొలత

వానకాలం వచ్చిందంటే, ఖమ్మం నుండి భద్రాచలం అడవి అంచు వరకు, గోదావరి ఎన్ని అడుగులున్నదని అడగనివారు అరుదు. భద్రాచలం వద్ద 43 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండవది, 53కి మూడవది. 1986 ఆగస్టులో అక్కడ నీరు 75.6 అడుగులకు లేచింది. 2022 జూలైలో 71.3 అడుగులకు.

అయితే నీటిమట్టం ఒక్కటే ప్రవాహం సంగతి చెప్పజాలదు. దిగువన కూనవరం వద్ద శబరి గోదావరిలో కలుస్తుంది. గోదావరి పొంగినపుడు ఆ నీరు శబరిలోనికి ఎగదన్నుతుంది. మట్టం పెరగడం కొలబద్ద చూపుతుంది గాని, నీరు ఎటు, ఎంత వడిగా పోతున్నదో చూపదు. అందుచేత చిన్న గిన్నెలు అమర్చిన చక్రాన్ని పడవ మీదనుండి నీటిలోనికి దించి, నిర్ణీత కాలంలో అది ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కిస్తారు. అలా తెలిసిన వేగాన్ని నది అడ్డుకోత వైశాల్యంతో గుణిస్తే సెకనుకు పారే నీరెంతో తేలుతుంది.

గుండె విషయంలో వైద్యునికి కావలసినదీ ఈ లెక్కయే. కవాటం సరిగా మూసుకొనకపోతే ముందుకు పోయిన రక్తంలో కొంత వెనుకకు వస్తుంది. శబరి ఎగపోటు వంటిదే. ఎంత వస్తున్నదో తెలిస్తే గాని శస్త్రచికిత్స అవసరమో కాదో తేల్చడం కష్టం. కాని రక్తనాళంలోనికి చక్రాన్ని దించడమెట్లా?

ఆ పని ఎమ్మారై యంత్రం తాకకుండానే చేస్తుంది. రక్తంలోని నీటిలో హైడ్రోజన్ కేంద్రకాలున్నాయి. బలమైన అయస్కాంతంలో అవి బొంగరాల వలె తూగుతూ తిరుగుతాయి. 1.5 టెస్లాల అయస్కాంతంలో సెకనుకు సుమారు 6 కోట్ల 40 లక్షల చుట్లు, అనగా 64 మెగాహెర్ట్జులు. మీ రేడియోలో ఎఫ్.ఎం. కేంద్రాలు పలికే చోటుకు కొంచెం దిగువ!

అయస్కాంత బలాన్ని ఒక ప్రక్క హెచ్చుగా, మరొక ప్రక్క తక్కువగా క్షణకాలం ఉంచుతారు. బలం హెచ్చిన చోట కేంద్రకం వడిగా తిరిగి ముందంజ వేస్తుంది. వెంటనే ఆ హెచ్చుతగ్గులను అంతే కాలం తారుమారు చేస్తారు. కదలని కేంద్రకం పొందినదంతా పోగొట్టుకొంటుంది. ఈలోగా చోటు మారిన దానికి మాత్రం కొంత తేడా మిగులుతుంది. ఆ తేడాయే వేగానికి కొలత. అది ముందుకా వెనుకకా అన్నది కూడ అందులోనే తెలుస్తుంది.

పారే ద్రవంలో కేంద్రకాల సంకేతాన్ని గురించి 1951లోనే బెంగుళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో జి. సూర్యన్ పరిశోధించారు. 1960లో ఎర్విన్ హాన్ సముద్రజలం కదలికను ఇట్లా కనిపెట్టవచ్చునని సూచించారు. ఈ పద్ధతిలో రక్తం వంతు ఆ తరువాతనే వచ్చింది.

ఇందులో ఒక చిక్కున్నది. సినిమాలో ముందుకు పోయే బండి చక్రం వెనుకకు తిరుగుతున్నట్లు అగపడడం మీరు చూచియే ఉంటారు. యంత్రానికి ముందుగా ఒక వేగపు హద్దు నిర్ణయించాలి. రక్తం ఆ హద్దు దాటితే, ముందుకు పోయేది వెనుకకు వస్తున్నట్లు పటంలో పడుతుంది. బృహద్ధమనికి తరచు సెకనుకు 150 సెంటీమీటర్ల హద్దు పెడతారు. కవాటం ఇరుకైతే రక్తం అంతకంటె వడిగా దూకుతుంది గనుక హద్దు పెంచాలి. మరీ పెంచితే మందగతి ప్రవాహం రొదలో కలిసిపోతుంది. పైగా ఈ పటం ఒక్క స్పందనలో తయారయ్యేది కాదు, సాధారణంగా అనేక స్పందనల నుండి కూర్చినది. గుండె లయ తప్పిన రోగి విషయంలో వైద్యుడు ఈ అంకెను మరికొంత జాగ్రత్తతో చదువుతాడు.